ఆయమ్మ అప్పగింతలు

ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె. తెల్లవారి ఆరు గంటలు. తూర్పున నల్లమల కొండల మీద ఇంకా మబ్బు ఉంది.

ఆయమ్మ అప్పటికే లేచింది. వాకిలి ఊడ్చింది. కల్లాపి చల్లింది. పొయ్యి ముట్టించి రెండు జొన్న రొట్టెలు కాల్చుకుంది. కొంగు చివర తాళంచెవి ముడి వేసుకుంది. అది అంగన్‌వాడీ తాళంచెవి. 36 ఏళ్లుగా ఆ ముడి ఉంది. చీరలు మారాయి. తాళాలు కూడా మూడుసార్లు మారాయి. ముడి మాత్రం మారలేదు.

ఇంకా నెల రోజులే. 2024 జూన్ నెలాఖరుకు ఆమెకు 62 ఏళ్లు నిండుతాయి. పని నుంచి దిగిపోవాలి.

ఈ పాఠంలో ఆయమ్మకు పేరు లేదు. ఎందుకంటే ఆమె ఒక్క మనిషి కాదు. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి ఆయాలు ఎందరో ఉన్నారు. వాళ్ల బతుకుల్లోంచి అల్లిన కథ ఇది. మీ ఊరి ఆయా కూడా ఇందులో మీకు కనిపించవచ్చు. కథ అల్లినదే. ఇందులో చెప్పిన పథకాలు, చట్టాలు, వాటి ఏళ్లు మాత్రం నిజమైనవి.

ఆయా పని ఏమిటి? కాగితాల్లో అయితే 'సహాయకురాలు' అని ఒక్క మాట రాస్తారు. ఆ ఒక్క మాటలో ఎంత పని ఉందో చూడండి.

పొద్దున సెంటరు తలుపు తీయాలి. ఊడ్చి, నీళ్లు తేవాలి. ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పిలుచుకు రావాలి. ఏడ్చేవాళ్లను చంక నెత్తుకోవాలి. అన్నం వండాలి. పప్పులో ఆకుకూర వేయాలి. పెట్టే ముందు అందరి చేతులు కడగాలి. 20 మంది పిల్లలంటే 40 చేతులు. సబ్బు రుద్దిన చేతిని పిల్లలు ఊరికే ఉంచుతారా? కంట్లో పెట్టుకుంటారు. పక్కవాడి చొక్కాకు తుడుస్తారు. మళ్లీ కడగాలి. తిన్నాక పళ్లేలు కడగాలి. ఒకటికి రెండుకు పోయిన పిల్లలను శుభ్రం చేయాలి. నెలనెలా బరువు తూచే రోజు తల్లులను పిలవాలి. టీకాల రోజు నర్సమ్మ వెంట తిరగాలి.

టీచరమ్మ పాటలు నేర్పుతుంది, పుస్తకాలు రాస్తుంది. ఆయా చేతికి మట్టి, మసి, మలం అంటుతాయి. ఇద్దరిలో ఎవరు లేకపోయినా సెంటరు నడవదు.

మన దేశంలో ఈ సెంటర్లు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. మొదట 33 చోట్ల మాత్రమే పెట్టి చూశారు. ఇప్పుడు దేశంలో 13 లక్షలకు పైగా ఉన్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా ఉన్నాయి. మొదట్లో ఆయాకు నెలకు 35 రూపాయలు ఇచ్చేవారు. 2019లో మన రాష్ట్రంలో అది 7 వేలు అయింది. దీన్ని జీతం అనరు. 'గౌరవ వేతనం' అంటారు. గౌరవం మాటలో, వేతనం చిల్లరలో అని ఆయాలు తమలో తాము నవ్వుకుంటారు. నవ్వే అయినా అందులో కొంచెం కారం ఉంది.

మన ఆయమ్మ 1988లో పనిలో చేరింది. అప్పుడు ఆమెకు 26 ఏళ్లు. చదువు లేదు. హాజరు పుస్తకంలో రోజూ వేలిముద్ర వేసేది. సిరా మరక బొటనవేలి గోట్లో ఎప్పుడూ ఉండేది. అన్నం కలిపేటప్పుడు ఆ మరక కనపడితే ఆమెకు సిగ్గుగా ఉండేది.

1990 తర్వాత జిల్లాల్లో రాత్రి బడులు వచ్చాయి. లాంతరు వెలుగులో ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చునే రోజులు అవి. ఆయమ్మ కూడా పోయింది. పగలు పిల్లల బడి, రాత్రి తన బడి. 1993లో ఒక రోజు హాజరు పుస్తకంలో వేలు పెట్టలేదు. కలం పట్టుకుంది. పేరు రాయడానికి అయిదు నిమిషాలు పట్టింది. గడి దాటి పక్క గడిలోకి పోయింది. టీచరమ్మ ఏమీ అనలేదు. పక్క గడి కూడా ఆమెకే వదిలేసింది.

చదువు వస్తే ఏమవుతుంది? సంతకం వస్తుంది. బస్సు బోర్డు చదవడం వస్తుంది. ఇంకొకటి కూడా వస్తుంది. లెక్క అడిగే ధైర్యం.

2013లో అమృత హస్తం పథకం వచ్చింది. గర్భిణులకు, బాలింతలకు సెంటర్లోనే ఒక పూట భోజనం. దాంతో పాటు ఒక గుడ్డు, పాలు. గుడ్లు లెక్కగా వస్తాయి. ఒక మధ్యాహ్నం పెద్దింటి నుంచి పిల్లోడు గిన్నె పట్టుకుని వచ్చాడు.

"చుట్టాలొచ్చినారంట. పది గుడ్లు ఇయ్యమన్నారు."

ఆయమ్మ పుస్తకం తెరిచి చూపింది. "ఈ పూట తినేవాళ్లు 12 మంది. గుడ్లు 12. పది నువ్వు తీసుకపోతే రెండు మిగుల్తాయి. మిగతా పదిమంది కడుపుతో ఉండేవాళ్లు, పసిబిడ్డల తల్లులు. ఏ పదిమందికి వద్దని చెప్పల్లనో పేర్లు రాసి పంపమను. పోయి చెప్పొస్తా."

పిల్లోడు ఖాళీ గిన్నెతో పోయాడు. పేర్లు రాసి ఎవరూ పంపలేదు. కానీ మర్నాటి నుంచి ఆ పెద్దింటి బోరు దగ్గర నీళ్లు పట్టుకోనివ్వలేదు. రెండు నెలలు ఆయమ్మ ఊరి చివరి నుంచి బిందెలు మోసింది. మోకాలి నొప్పి అప్పుడే పట్టుకుంది. ఇప్పటికీ పోలేదు.

టీచరమ్మకూ ఆయమ్మకూ ఎప్పుడూ చక్కగా సాగిందని అనుకోవద్దు. ఒకసారి చీపురు కొనే పది రూపాయల దగ్గర మాట పెరిగింది. మూడు రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఏం చెప్పాలన్నా పిల్లలతో చెప్పించుకున్నారు. "టీచరమ్మా, ఉప్పు అయిపోయిందంట." "ఆయమ్మా, తెస్తుందంట." మూడో రోజు ఒక పిల్లవాడు చెప్పాల్సిన మాట మరచిపోయి నడుమ నిలబడి ఏడ్చాడు. ఇద్దరికీ నవ్వు వచ్చింది. 22 ఏళ్లు కలిసి పని చేసిన వాళ్లు ఇలాగే ఉంటారు.

2023 డిసెంబరు 12న రాష్ట్రమంతటా అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగారు. వేతనం పెంచాలి, పని మానే రోజు చేతికి నాలుగు డబ్బులు రావాలి అని అడిగారు. సమ్మె 42 రోజులు సాగింది. ఆయమ్మ కూడా నంద్యాల పోయి టెంటు కింద కూర్చుంది. పగలంతా గట్టిగా నినాదాలు ఇచ్చేది. సాయంత్రం ఇంటికొచ్చి, మూసి ఉన్న సెంటరు ముందు కాసేపు నిలబడేది. సమ్మె న్యాయమే. లోపల చల్లారిన పొయ్యి కూడా నిజమే. రెండూ ఆమె మనసులో ఉండేవి.

2024 జనవరిలో ప్రభుత్వం కొన్ని కోరికలకు ఒప్పుకుంది. పని మానే వయసు 60 నుంచి 62కు పెరిగింది. దిగిపోయే రోజు టీచరుకు లక్షా 20 వేలు, ఆయాకు 60 వేలు అన్నారు. అంతకు ముందు ఆయాకు 20 వేలే.

ఇక అసలు కథ.

మే నెలలో ఆయమ్మకు ఒక కాగితం వచ్చింది. అందులో ఆమె పేరు, ఊరు, పుట్టిన తేదీ ఉన్నాయి. చివర సంతకం చేయడానికి గీత ఉంది. తెచ్చిన ఆయన కలం కూడా తీసి ఇచ్చాడు. "ఈడ పెట్టమ్మా, అయిపోతాది" అన్నాడు.

ఆయమ్మ కలం తీసుకుంది. కానీ గీత దగ్గరికి పోలేదు. మొదటి అక్షరం దగ్గర మొదలు పెట్టింది. వేలు పెట్టి చదవసాగింది. ఆయన గడియారం చూసుకున్నాడు. ఆమె చదువుతూనే ఉంది. ఒక చోట వేలు ఆగింది.

"సార్, పనిలో చేరిన ఏడు 1998 అని ఉంది. నేను చేరింది 1988లో."

"ఒక అంకె తేడా లేమ్మా. నీకొచ్చే 60 వేలు ఎట్లయినా 60 వేలే గదా."

"అంకె ఒకటే సార్. ఏండ్లు పది."

ఆమె సంతకం చేయలేదు. కలం తిరిగి ఇచ్చింది.

ఆ పదేళ్లకు డబ్బులో విలువ ఉందా? ఉంది. మన దేశంలో 1972లో గ్రాట్యుటీ చట్టం వచ్చింది. ఒకచోట చాలా ఏళ్లు పని చేసినవారికి, దిగిపోయేటప్పుడు ఏళ్ల లెక్కన ఇచ్చే డబ్బే గ్రాట్యుటీ. అంగన్‌వాడీ వాళ్లది ఉద్యోగం కాదు, సేవ కాబట్టి వాళ్లకు ఇది వర్తించదని చాలాకాలం అన్నారు. గుజరాత్‌లో కొందరు అంగన్‌వాడీ ఆడవాళ్లు దీని మీద కోర్టుకు పోయారు. 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు కూడా గ్రాట్యుటీ హక్కు ఉందన్నది. హక్కు ఉందని తేలడం ఒక మాట. చేతికి రావడం ఇంకొక మాట. అందుకే సమ్మెలో కూడా దాన్ని అడిగారు.

లెక్క ఎలా వేస్తారో చూద్దాం. పలక ఉంటే మీరు కూడా వేయండి.

నెల వేతనం 7,000. నెలకు 26 పని రోజులు అనుకుంటారు. 7,000ను 26తో భాగిస్తే ఒక రోజుకు సుమారు 269 రూపాయలు. ఏడాదికి 15 రోజుల వేతనం ఇవ్వాలి. అంటే ఏడాదికి సుమారు 4,038 రూపాయలు. 26 ఏళ్లకు అయితే 1,05,000. 36 ఏళ్లకు అయితే 1,45,384. తేడా 40 వేలకు పైగా. ఒక 8ని 9 చేస్తే ఇంత తేడా.

ఆ రాత్రి ఆయమ్మ ఈ లెక్కంతా వేయలేదు. ఆమెకు ఇంకో ఆలోచన ఉంది. ఆ పదేళ్లలో తాను మోసిన నీళ్లు ఎవరు మోసినట్టు? ఆ పదేళ్ల పిల్లలు ఎవరి చేతి అన్నం తిన్నట్టు? తెల్లవార్లూ అదే.

మర్నాడు టీచరమ్మ సెంటర్లోని పాత ట్రంకు పెట్టె తెరిచింది. అడుగున హాజరు పుస్తకాలు ఉన్నాయి. అట్టలు చెదలు తిన్నాయి. లోపలి కాగితాలు మాత్రం బాగున్నాయి. 1988 పుస్తకం దొరికింది. ప్రతి రోజు గడిలో ఒక వేలిముద్ర. నీలం సిరా పాతబడి గోధుమ రంగుకు తిరిగింది. నెల తర్వాత నెల, ఏడు తర్వాత ఏడు. 1993 దాకా వేలిముద్రలే. ఆ తర్వాత గడి దాటిన ఆ మొదటి సంతకం.

టీచరమ్మ ఒక అర్జీ రాసింది. ఆయమ్మ చదివి సంతకం చేసింది. కాగితాలు జిల్లా ఆఫీసుకు పోవాలి. మునుపైతే కర్నూలు పోవాల్సి వచ్చేది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. ఆళ్లగడ్డ వాళ్లకు దారి తగ్గింది.

ఊరి నుంచి ఆళ్లగడ్డకు ఆటో ఎక్కింది. ఆటో తోలే అబ్బాయికి 30 ఏళ్లు ఉంటాయి. దారిపొడుగునా ఆయమ్మ అద్దంలో వాడి మొహమే చూస్తూ ఉంది.

"ఏంది పెద్దమ్మా, అట్ల చూస్తాండావు?"

"ఏం లేదులే నాయనా. చిక్కినావేమో అని."

"చిక్కలేదు పెద్దమ్మా, ఎండకు నల్లబడినా అంతే" అని నవ్వాడు.

రోడ్డు పక్క షెడ్లలో శిల్పులు రాయి చెక్కుతున్నారు. ఉలి చప్పుడు వినపడుతోంది. ఆళ్లగడ్డ రాతి బొమ్మలకు పేరున్న ఊరు. ఈ ఆటో అబ్బాయి తండ్రి ఆ షెడ్లలోనే రాళ్లు నునుపు చేస్తాడు. ఆయమ్మకు ఆ సంగతి తెలుసు. ఇరవై రూపాయలు ఇచ్చి దిగింది. అక్కడి నుంచి బస్సులో నంద్యాల.

ఆఫీసులో పెద్దాయన పుస్తకం తిప్పి చూశాడు. "ఇవి నీ వేలిముద్రలేనా అమ్మా?" అన్నాడు.

వేలిముద్ర వేయడం మానాలని రెండేళ్లు రాత్రి బడికి పోయిన మనిషి ఆమె. ఇప్పుడు బొటనవేలు ముందుకు చాపింది. "నావే సార్. కావాలంటే పక్కన ఇంకొకటి వేస్తా. చూసుకోండి."

ఆయన వద్దన్నాడు. అర్జీ తీసుకున్నాడు. ఆయమ్మ కదల్లేదు. సంచిలోంచి అర్జీ నకలు తీసింది. "దీని మీద తీసుకున్నట్టు రాసి ముద్ర వేయండి సార్." ముద్ర వేయించుకున్నాకే బయటికి వచ్చింది. మీరు ఏ ఆఫీసులో కాగితం ఇచ్చినా ఇలా చేయండి. ముద్ర ఉన్న నకలు మీ దగ్గర ఉంటే, మీ కాగితం పోయిందని ఎవరూ అనలేరు. పుస్తకం అసలుది ఇవ్వకండి. జిరాక్సు ఇవ్వండి. అసలుది చూపించి వెనక్కి తెచ్చుకోండి.

మూడు వారాలకు దిద్దిన కాగితం వచ్చింది. 1988. ఆయమ్మ ఈసారి కూడా మొదటి అక్షరం నుంచి చదివింది. తర్వాత సంతకం చేసింది. గడి దాటలేదు.

జూన్ చివర ఆళ్లగడ్డలో టీచర్ల మీటింగు జరిగింది. అందులోనే వీడ్కోలు పెట్టారు. చుట్టుపక్కల సెంటర్ల వాళ్లంతా తలా వంద వేసుకున్నారు. ఒక చీర, ఒక స్టీలు బిందె కొన్నారు. ఎవరో బక్షాలు చేసి తెచ్చారు. బంతిపూల దండ వేశారు.

పెద్దవాళ్ల వీడ్కోళ్లు పుస్తకాల్లో ఉంటాయి. 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు కాలేజీ వదిలి కలకత్తా పోయేటప్పుడు, విద్యార్థులే ఆయన బండిని రైలు స్టేషను దాకా లాగారు. అంతకు చాలా ముందు, 1827లో థామస్ మన్రో అనే తెల్లదొర మద్రాసు గవర్నరుగా ఉన్నాడు. అంతకు ముందు ఏడేళ్లు ఈ సీమకు కలెక్టరుగా పని చేశాడు. తన దేశం పోయే ముందు ఇక్కడి జనాన్ని ఒకసారి చూసిపోవాలని బయలుదేరాడు. పత్తికొండ దగ్గర కలరా సోకి చనిపోయాడు. వాళ్ల కథలు అందరూ రాశారు. అంగన్‌వాడీ ఆయాల వీడ్కోలు గురించి రాసినవాళ్లు తక్కువ. అయినా ఆ రోజు ఆళ్లగడ్డలో ఆ గదిలో జరిగింది వినదగినదే.

టీచరమ్మ లేచింది. "మా అక్క..." అంది. ఇంకేమీ అనలేక కూర్చుంది. ఆయమ్మను మాట్లాడమన్నారు.

ఆయమ్మ దండ తీసి బల్ల మీద పెట్టింది.

"నన్ను మంచిదాన్నని అందరూ పొగిడినారు. ఒక మాట చెప్పకుండా పోతే ఈ చీర నాకు కట్టుకోబుద్ధి కాదు.

"1994లో పత్తి తీసే కాలం. అప్పుడు మనకు వచ్చే డబ్బు ఇంట్లో బియ్యానికి కూడా చాలేది కాదు. నేను మధ్యాహ్నం నుంచి కూలికి పోయేదాన్ని. బరువు తూచే రోజు వచ్చింది. ఒక పిల్లోడు పదినెలల వాడు. వాళ్లమ్మ కూడా పత్తికే వచ్చింది. పిలవాల్సింది నేను. పిలవలేదు. అప్పటి టీచరమ్మ అడిగితే, 'ఇంటికాడ తూచినాలే, పోయిన నెల మాదిరే ఉండాడు' అన్నా. ఆయమ్మ నా మాట నమ్మి అట్లే రాసింది.

"ఆ పిల్లోడికి అప్పటికే పదిరోజుల నుంచి విరేచనాలు. ఆ రోజు తూచి ఉంటే తెలిసేది. తర్వాతి నెల త్రాసులో వేస్తే కిలోకు పైగా తగ్గి ఉండాడు. కండ్లు లోపలికి పోయినాయి. నేనే చంకనేసుకోని నంద్యాల పెద్దాసుపత్రికి పరిగెత్తినా. నాలుగు రోజులు సెలైను పెట్టినారు. నాలుగు రోజులూ నేను వాని మంచం కింద కూర్చున్యా. బతికినాడు. వాళ్లమ్మ నా చేతులు పట్టుకోని, 'నువ్వు లేకపోతే నా బిడ్డ లేడు' అన్నది. నేను నోరు తెరవలేదు. ఇప్పటికీ తెరవలేదు. 30 ఏండ్లు అయింది.

"ఆ తర్వాత నేను ఒక్క నెల తూకం తప్పలేదు. మంచితనంతో కాదు. భయంతో. మొన్న వాని ఆటోలోనే ఆళ్లగడ్డకు వచ్చినా. ఇరవై రూపాయలు తీసుకున్నాడు."

కొందరు నవ్వారు. నవ్వుతూనే కండ్లు తుడుచుకున్నారు. గదిలో చప్పుడు ఆగిపోయింది. అప్పుడు వెనక వరసలో ఒక ఆయా లేచింది. "నాకాడ కూడా ఒకటుంది" అంది. మీటింగు సాయంత్రం ఆరు దాకా సాగింది. బక్షాలు చల్లారిపోయాయి.

ఆ పిల్లవాడి విషయంలో ఏం చేసి ఉండాలో ఇక్కడ చెప్పుకోవాలి. బిడ్డ పుట్టినప్పుడు రెండున్నర కిలోలకు తగ్గకూడదు. అయిదో నెలకు ఆ బరువు రెండింతలు కావాలి. ఏడాదికి మూడింతలు కావాలి. కార్డు మీద బరువు గీత పైకి పోతూ ఉండాలి. గీత అడ్డంగా సాగినా అనుమానించాలి. కిందికి దిగితే ఆ రోజే చూపించాలి. విరేచనాలు మొదలైతే తల్లిపాలు ఆపకూడదు. ఓఆర్ఎస్ పొడి ఆశా దగ్గర, సెంటర్లో అడగాలి. అది దొరికేలోపు, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు వేసి కలపాలి. చెంచాతో కొంచెం కొంచెం పట్టాలి. చెంచాలు తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే చెడు చేస్తుంది. కండ్లు లోపలికి పోయినా, ఒంటికి పోవడం తగ్గినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా ఇంట్లో ఉంచకూడదు. ఆసుపత్రికి పోవాలి.

ఇలాంటి చిన్న పనులే పెద్ద ఫలితం ఇస్తాయి. పోలియో చూడండి. 1995లో దేశమంతా పల్స్ పోలియో మొదలైంది. ఆయాలు, టీచర్లు, నర్సమ్మలు ఇల్లిల్లూ తిరిగారు. రెండు చుక్కలు వేసి, గోడ మీద సుద్దతో గుర్తు పెట్టారు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో కనిపించింది. 2014 మార్చి 27న ఇండియాలో పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ గోడల మీది సుద్ద గుర్తులు ఎప్పుడో చెరిగిపోయాయి.

జులై మొదటి సోమవారం. ఆయమ్మకు ఇక పని లేదు. అయినా ఎనిమిది గంటలకు సెంటరుకు వచ్చింది. కొత్త ఆయా అప్పటికే వచ్చి మెట్ల మీద కూర్చుంది. పదో తరగతి చదివిన పిల్ల. పెళ్లయి రెండేళ్లు.

ఆయమ్మ ఆ పిల్లకు ఒక నోటు పుస్తకం ఇచ్చింది. నెల రోజులుగా రాత్రిళ్లు రాసింది. అందులో ఇలా ఉంది:

"బోరింగు పక్క ఇంటి పాప. గుడ్డు పచ్చసొన ఉమ్మేస్తుంది. అన్నంలో కలిపి పెట్టాల. చెప్పగూడదు.

"గుడి యనక ఇంటి కవల పిల్లోళ్లు. రెండు పళ్లేలు ఒకేసారి పెట్టాల. ముందొకటి యనకొకటి పెడితే రెండూ తినరు.

"చెరువు కట్ట కింది ఇల్లు. తల్లి తెల్లారక ముందే చేనుకు పోతుంది. పిల్ల నిద్రపోతుంటుంది. మనమే లేపి తేవాల. తలుపు గొళ్లెం పైన ఉంటుంది. కింద ఎతికితే దొరకదు.

"మాలపల్లె చివరి ఇంటి కోడలు. ఆరో నెల. గుడ్డు ఇంటికి తీసకపోతా అంటుంది. ఇంట్లో వేరేవాళ్లు తింటారు. ఈడనే తినేదాకా పక్కన కూర్చోవాల."

కొత్త ఆయా చదివింది. రెండు మూడు చోట్ల ఒత్తులు తప్పాయి. ఆ పిల్ల చూసింది, కానీ దిద్దలేదు.

"నేను శుభ్రంగా ఇంకో పుస్తకంలోకి ఎక్కించుకుంటా పెద్దమ్మా."

"ఎక్కించుకో. గొళ్లెం మాట మటుకు ఇప్పుడే గుర్తు పెట్టుకో. ఆ పాప ఈ పాటికి లేచి ఏడుస్తుంటుంది."

తాళంచెవి ఇవ్వడానికి ఆయమ్మ కొంగు ముడి విప్పబోయింది. అది బాగా బిగుసుకుపోయి ఉంది. గోళ్లతో రాలేదు. పళ్లతో లాగినా రాలేదు. కొత్త ఆయా పక్కన కూర్చుని ఒక కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి విప్పారు.

ఎనిమిదిన్నర అయింది. కొత్త ఆయా తలుపు తీసి, చెరువు కట్ట వైపు గబగబా నడిచింది.